మోకులవారి కూతపెట్టె

ఈతలంకలో మోకులవారంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఎవరన్నారూ అంటే మోకులవారే అన్నారు. వాళ్ళ తెలివి సంగతి వాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, పేని, తాళ్ళు చేసి అమ్మడం ఆ ఇంటి పని. ఇంటికి పెద్ద చిట్టబ్బులు. ఆయనకి సంతకం చెయ్యడం వచ్చు, అదీ పక్కన ఎవరూ తొందరపెట్టకపోతే. ఆయన తరవాత తమ్ముడు పల్లాలు. వంటిల్లూ, తాళ్ళకొట్టూ రెండూ ఏలేది చిట్టబ్బులు పెళ్ళాం నూకరత్నం. ఆవిడ తమ్ముడు బుల్లియ్య ఆ ఇంటిమొత్తానికీ చదువు. రెండో క్లాసు రెండుసార్లు చదివాడు కాబట్టి నాలుగు పాసైనట్టే లెక్క.

తాళ్ళకొట్టుకి ఆఫీసు అని పేరుపెట్టినప్పుడు ఓ బోర్డు రాయించారు. బయట పెడితే ఎండకి రంగు వెలిసిపోతుందని లోపలి గోడకి తగిలించారు. "మరి బయటివాళ్ళకి ఇది ఆఫీసని ఎలా తెలుస్తుందయ్యా?" అని దారినపోయే పెద్దమనిషి ఒకాయన అడిగాడు. "లోపలికొస్తే తెలుస్తుంది" అన్నాడు చిట్టబ్బులు. ఆయన లోపలికొచ్చాడు, తెలిసింది. తెలివంటే అదీ.

చిట్టబ్బులికి వాళ్ళ నాన్న పోతూపోతూ రెండు మాటలు ఇచ్చి పోయాడు. తాడుని ఎప్పుడూ తొయ్యకురా, లాగు. కొబ్బరితాడు సన్నంగా ఉందని బెంగపడకు, తడిపితే లావవుతుంది. ఈ రెండు మాటలూ ఉంటే లోకంలో దేన్నైనా నెగ్గుకు రావచ్చని చిట్టబ్బులు నమ్మకం. ఇన్నాళ్ళూ నెగ్గుకొచ్చాడు కూడా, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆయన ముందుకి తాడు తప్ప ఇంకోటి రాలేదు.

ఏటా పట్నంలో స్వామివారి రథాన్ని లాగే మోకు, తొడంత లావు తాడు, ఆ ఇంటినుంచే వెళ్ళాలి. చిట్టబ్బులికి ఆ మోకంటే ప్రాణం. పీచు ఆయనే ఏరతాడు. పురి ఒక్కటి వదులుగా ఉన్నా మొత్తం విప్పించి మళ్ళీ పేనిస్తాడు. దీనికి తోడు ఓ పగ కూడా ఉంది. పొరుగూరి కొమ్ముల సత్తెయ్య కూడా తాళ్ళవాడే. ఒక పెళ్ళి పంక్తిలో అందరూ వింటుండగా, "మోకులవారి మోకా? మేకని కట్టుకోడానికి పరవాలేదు" అన్నాడు. అప్పుడు విస్తట్లో ఉన్నది ఆనపకాయ కూర. ఆవేళ మొదలు ఇప్పటిదాకా చిట్టబ్బులు ఆనపకాయ ముట్టలేదు. సత్తెయ్యనీ క్షమించలేదు, ఆనపకాయనీ క్షమించలేదు.

ఈ ఏడు ఉత్సవ కమిటీకి సోమయాజులని కొత్త గుమాస్తా వచ్చాడు. ఆయన వచ్చీరాగానే, ఇకమీదట కాగితాలన్నీ ఫ్యాక్సులోనే రావాలని రూలు పెట్టాడు. చిట్టబ్బులు మాత్రం తీసిపోతాడా? ఓ మిషను తెప్పించాడు. దాన్ని ఆఫీసు ఫోను తీగకే తగిలించడానికి పట్నంలో కొట్టునుంచి కామేశ్వరి అనే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి పాపం అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పింది.

"చూడండి బాబయ్యగారూ. కాగితం ఇక్కడ పెట్టి ఈ పచ్చమీట నొక్కారంటే, పట్నంలో కమిటీవారి దగ్గర వచ్చేస్తుంది. అంతే."

"కాగితం వచ్చేస్తుందా? తీగలోంచే?"

"ఆఁ, తీగలోంచే" అని ఆ అమ్మాయి బస్సు వేళవుతోందని వెళ్ళిపోయింది.

మీట నొక్కితే ఆ మిషను కీమని కూస్తుంది. అందుకని నూకరత్నం దానికి కూతపెట్టె అని పేరుపెట్టింది.

రేపు రథమనగా ఇవాళ పొద్దున్న సోమయాజులు ఫోను చేశాడు. "చిట్టబ్బులుగారూ, మోకు మేమే ఇస్తామని రాసి, సంతకం పెట్టి, సాయంత్రంలోగా ఫ్యాక్సు చెయ్యండి. అందకపోతే కొమ్ముల సత్తెయ్యగారి మోకు తీసుకుంటాం. ఆయన మోకు బండికెత్తుకుని మా గుమ్మంలోనే కాచుక్కూచున్నారు."

ఇంకేముంది! సత్తెయ్య పేరు వినగానే చిట్టబ్బులికి ఆనపకాయ వాసన కొట్టింది.

బుల్లియ్య రాశాడు. చిట్టబ్బులు అందరినీ బయటికి పొమ్మని, తీరిగ్గా సంతకం చేశాడు. కాగితం పెట్టెలో పెట్టాడు. రాసినవాటిని పైకి పెట్టడమే మర్యాద కదా, అందుకని రాత పైకే పెట్టాడు. పచ్చమీట నొక్కాడు. పెట్టె కీమంది, కాగితాన్ని మింగేసింది, వెనకవైపునించి కక్కేసింది. ఆ కక్కిన కాగితం బల్ల వెనకున్న పీచుబుట్టలో పడింది. బల్ల వెనక్కి ఎవరు చూస్తారు? కాగితం మాయమైంది, అంతే.

"పోయిందన్నయ్యా!" అని పల్లాలు చప్పట్లు కొట్టాడు. "ఈపాటికి వంతెన దాటుంటుంది!"

కాసేపటికి సోమయాజులు ఫోను. "ఏవండీ, తెల్లకాగితం వచ్చింది. దానిమీద అక్షరమ్ముక్క లేదు."

చిట్టబ్బులు ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. కాగితం చేరింది. అక్షరాలు చేరలేదు. అయితే అక్షరాలేమైనట్టు?

"దారిలో రాలిపోయుంటాయి బావా" అన్నాడు బుల్లియ్య, చదువుకున్నవాడు కాబట్టి. "స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ ఎలా ఊగుతోందో చూశావా? అంత ఊపుకి నేను రాసిన అక్షరాలు నిలుస్తాయా? అసలే నేను మెల్లిగా రాస్తాను."

"గట్టిగా రాసి ఏడవాల్సింది!"

"రాసేటప్పుడు పక్కన నువ్వున్నావు కదా బావా, చెయ్యి వణికింది."

నలుగురూ రోడ్డెక్కారు. తీగ కిందే నడుస్తూ నేలంతా వెతికారు. రెండో స్తంభం దగ్గర నూకరత్నం కేకేసింది. "ఏవండోయ్! ఇక్కడున్నాయి! అబ్బో, కుప్పలు కుప్పలు! పాపం, ఇంకా ప్రాణాలతోనే ఉన్నాయి, కదులుతున్నాయి!"

నల్లగా, చిన్నచిన్నగా, వరసకట్టి పోతున్నాయి. అవి చీమలని మనం అనుకుంటాం. చిట్టబ్బులు గొంతుక్కూచుని పరీక్షగా చూశాడు. "సందేహం లేదు. వరస తప్పకుండా వెళ్తున్నాయి. బుల్లియ్య రాతకి ఇంత వరస లేదు కానీ, పట్నం దారి పట్టాక బుద్ధొచ్చుంటుంది."

"ఎర్రవి కూడా ఉన్నాయేంటన్నయ్యా? మనం రాసింది నల్లసిరాతో కదా?"

ఒక ఎర్రది చిట్టబ్బులు బొటనవేలు పట్టుకుంది. "అబ్బా! ఇవి ఒత్తులురా! ఒత్తక్షరాలు! చిన్నప్పుడు బళ్ళో నన్ను ఏడిపించినవి ఇవే. ఇన్నేళ్ళయినా బుద్ధి మారలేదు."

నూకరత్నం చేట తెచ్చి అక్షరాల్ని ఎత్తింది. ఆఫీసులో కొత్త కాగితం పరిచి, అక్షరాలు ఈసారి రాలకుండా దానికి బెల్లంపాకం పూసింది. పాకం మీద చేట బోర్లించింది. చిట్టబ్బులు పనంటే ఖచ్చితం మనిషి, ఊరుకుంటాడా? ఈనెపుల్ల పట్టుకుని, ఒక్కొక్కదాన్నీ వరసలోకి తోశాడు. ఆయన కొస సర్దేసరికి మొదటివి లేచి నడుస్తున్నాయి. "ఉండవే! నా పేరులో దానివి నువ్వు, ఎక్కడికే పోతావు?" అని గదమాయించాడు. ఆఖరికి విసిగి, "వెళ్ళేదాకా ఓపిక పడితే చాలు, అక్కడికెళ్ళాక వాళ్ళే సర్దుకుంటారు" అని కాగితాన్ని పెట్టెలో పెట్టి మీట నొక్కాడు.

అంతే! పాకం అంటుకుంది, కాగితం ఇరుక్కుంది, కూతపెట్టె ఎన్నడూ కుయ్యని కూత కూసింది. అక్షరాలు సందుసందులోంచీ బయటపడి గోడలెక్కాయి. ఒత్తులైతే పల్లాలు పంచెలో దూరాయి. పల్లాలు ఆఫీసు చుట్టూ పరిగెత్తాడు.

చేసేదిలేక కామేశ్వరికి ఫోను చేశారు. జరిగిందంతా చిట్టబ్బులు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"విన్నావా అమ్మాయ్?"

"విన్నానండి" అంది నీరసంగా. "ముందు తడిగుడ్డతో లోపలంతా తుడవండి. తరవాత బోర్లా పెట్టండి. రాత కిందికి ఉండాలి. తెలిసిందా? పెట్టి మీట నొక్కండి. కాగితం వెళ్ళేటప్పుడు ఫోను ముట్టుకోకండి. మీరేమీ చెయ్యకండి బాబయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. ఊపిరి కూడా పీల్చకండి!"

"అంత కష్టమా?" అన్నాడు చిట్టబ్బులు. కానీ తెలిసినవాళ్ళ మాట తీసెయ్యకూడదు.

తుడిచారు. బోర్లా పెట్టారు. కాగితాన్ని కాదు, పెట్టెని. దాని కాళ్ళు నాలుగూ పైకి లేచాయి, మీట కిందికి పోయింది. బుల్లియ్య బల్లకిందికి దూరి, చెక్కల సందులోంచి వేలు పెట్టి మీట నొక్కడానికి సిద్ధమయ్యాడు.

"అందరూ ఊపిరి బిగబట్టండి!" అని చిట్టబ్బులు ముక్కు మూసుకున్నాడు. పల్లాలు ముక్కు మూసుకున్నాడు. నూకరత్నం ఒక చేత్తో తన ముక్కూ, ఇంకో చేత్తో పిల్లి ముక్కూ మూసింది. పిల్లి రక్కింది. బుల్లియ్య వేలికి మీట అందలేదు. వెతికాడు, వెతికాడు, మొహం వంకాయ రంగుకి తిరిగింది. లేవబోయి తలతో బల్లని ఒక్క ఎత్తు ఎత్తి, దభీమని స్పృహ తప్పాడు. ఆ ఎత్తుకి పెట్టె గాల్లో ఓ పల్టీ కొట్టి, బల్ల వెనక పీచుబుట్టలో నిటారుగా కూచుంది.

దాన్ని తియ్యడానికి వంగిన నూకరత్నం కెవ్వుమంది. "ఏవండోయ్! కాగితం ఇంటికొచ్చేసింది! పొద్దుటి కాగితం! అక్షరాలన్నీ ఉన్నాయి!"

నిజమే. బుల్లియ్య రాత, చిట్టబ్బులు సంతకం, ఒక్కటీ తగ్గకుండా బుట్టలో ఉన్నాయి.

చిట్టబ్బులు కళ్ళు చెమర్చాయి. "చూశావా రత్నం, మనింటి కాగితం! ఒట్టి చేతుల్తో పట్నంలో ఉండలేక, రాలిన అక్షరాలన్నీ దారిపొడుగునా ఏరుకుని ఇంటికొచ్చింది. సత్తెయ్య కాగితమైతే వస్తుందా?"

"మళ్ళీ పంపిద్దాం. కానీ ఈసారి రాలకూడదు" అంది నూకరత్నం. "కుండకైనా మూత లేకపోతే ఒలికిపోతుంది. అక్షరాలు లోపలికీ, కాగితం వీపు పైకీ పెడితే సరి, వీపే మూత."

అలా పెట్టింది. మీట నొక్కింది. అందరూ మళ్ళీ ముక్కులు మూసుకున్నారు. బుల్లియ్యకి స్పృహ లేదు కాబట్టి వాడి ముక్కు పల్లాలు మూశాడు. పెట్టె కీమంది, కాగితం పోయింది.

కాసేపటికి ఫోను మోగింది. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని కామేశ్వరి చెప్పింది కదా. మోగింది, మోగింది.

"ముట్టుకోవద్దంది కానీ, పట్టకారుతో పట్టుకోవద్దనలేదుగా?" అంది నూకరత్నం. వంటింట్లోంచి పట్టకారు తెచ్చి, వేడి గిన్నెని దింపినట్టు ఫోను దింపి మొగుడి చెవి దగ్గర పెట్టింది.

"అందిందండోయ్ చిట్టబ్బులుగారూ!" అన్నాడు సోమయాజులు. "అక్షరాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈ ఏడూ మోకు మీదే. మరి రేపు పొద్దున్నే రథం కదలాలి, వెంటనే పంపించెయ్యండి. లారీ ఎప్పుడు బయల్దేరుతుంది?"

"లారీయా?" అన్నాడు చిట్టబ్బులు. గొంతులో గర్వం పొంగింది. "లారీ దేనికండీ, కొమ్ములవాళ్ళలాగ! కాగితం ఎలాగొచ్చిందో మోకూ అలాగే వస్తుంది. మీరు పెట్టె దగ్గరే ఉండండి."

ఫోను పెట్టేశాక అసలు పని మొదలైంది. పెట్టె నోరు చూస్తే చీరంచంత. మోకు చూస్తే తొడంత. చిట్టబ్బులు మోకు చుట్టూ ఓసారి తిరిగాడు, పెట్టె చుట్టూ ఓసారి తిరిగాడు.

"పురులు విప్పండి" అన్నాడు.

"అన్నయ్యా! మొత్తమా?"

"విప్పరా! అక్కడికెళ్ళాక మళ్ళీ పేనుకుందాం. పేనడం మనకి కొత్తా?"

చాతుర్మాస్యమంతా కూచుని, వదులైన పురి విప్పించి మళ్ళీ పేనించి, కంటికి రెప్పలా చూసుకున్న మోకది. నలుగురూ కలిసి విప్పారు. పురులు పాయలయ్యాయి, పాయలు పీచయ్యాయి. ఆఫీసునిండా పీచు లేచింది. తలకి కట్టు కట్టుకున్న బుల్లియ్య పీచులో ఎక్కడున్నాడో తెలియక, "బావా, నేనిక్కడ!" అని అరుస్తూ పని చేశాడు. చిట్టబ్బులు పీచుని దువ్వెనతో దువ్వి, రోకలితో పల్చగా అణిచి, కొసని పెట్టె నోటికి అందించి మీట నొక్కాడు.

పెట్టె ఓ గుక్కెడు పీచు మింగింది. కీ అనబోయి గీ అంది. ఆ తరవాత గుర్రుమంది. నెత్తిమీంచి సన్నగా పొగ లేచింది.

"పొగేంటండీ?"

"బరువు లాగుతోంది కదే, ఆయాసపడుతోంది. ఎద్దుకి నురగ రాదూ?"

ఇంకో గుర్రుతో పెట్టె ఆగిపోయింది. పల్లాలు పీచుని లోపలికి తొయ్యబోయాడు. చిట్టబ్బులు వాడి చెయ్యి పట్టుకుని లాగిపారేశాడు. "ఛీ! నాన్నేం చెప్పాడురా? తాడుని తొయ్యకు, లాగు! కొస తీగలోకి ఎక్కింది. ఇక పట్నం వెళ్ళి అటువైపునించి లాగడమే. ఇలాంటప్పుడే పెద్దల మాట పనికొచ్చేది!"

తెల్లారి మొదటి బస్సుకి నలుగురూ పట్నంలో దిగారు. రథం పూలతో మెరుస్తోంది. వీధంతా జనం. కమిటీ ఆఫీసు ముందర కొమ్ముల సత్తెయ్య తన మోకు బండి మీద మీసం దువ్వుకుంటూ కూచున్నాడు. చిట్టబ్బులు అటు చూడలేదు. చూడలేదని సత్తెయ్యకి తెలిసేలా మెడ తిప్పుకుని మరీ చూడలేదు.

సోమయాజులు ఎదురొచ్చాడు. "మోకేదండీ? వేళవుతోంది!"

"దార్లో ఉంది. పెట్టె ఎక్కడుందో చూపించండి."

సోమయాజులు ఏదో అనేలోపే మగాళ్ళు తలపాగాలు చుట్టి, నూకరత్నం కొంగు బిగించి, నలుగురూ ఫ్యాక్సు పెట్టె వెనక తీగని పట్టుకున్నారు. "హైలెస్సా!" అన్నాడు చిట్టబ్బులు. "హైలెస్సా!" అన్నారు ముగ్గురూ. గోడలో చీల ఊడింది. తీగ వచ్చింది. "వస్తోంది, వస్తోంది!" పైకప్పులోంచి వచ్చింది, కిటికీలోంచి వచ్చింది, వీధి స్తంభం మీంచి వచ్చింది. వీధిలో ఫోనులన్నీ మూగబోయాయి. చిట్టబ్బులు ముందు నల్లటి తీగ చుట్టలు చుట్టలుగా పడింది. ఆఖరికి కొస తెగి చేతికొచ్చింది.

జనం మూగారు. సత్తెయ్య బండి దిగొచ్చి, తీగ కొస రెండు వేళ్ళతో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటండీ?" అన్నాడు సోమయాజులు ఏడుపుగొంతుతో.

చిట్టబ్బులు తీగని ఆ కొసనుంచి ఈ కొస దాకా పరీక్షగా చూశాడు. నలిపాడు. గుండె కలుక్కుమంది. కానీ సత్తెయ్య ముందర బయటపడతాడా?

"ఏముంది, మోకే. దారిలో కాస్త సన్నబడింది, అంతే. ఎండ కూడా తగిలి నల్లబడింది."

"చిట్టబ్బులూ, ఇది మేకని కట్టడానిక్కూడా పనికిరాదయ్యా" అన్నాడు సత్తెయ్య. నిజంగా జాలిపడే అన్నాడు. అయినా ఆ ముక్క చిట్టబ్బులికి మళ్ళీ గుచ్చుకుంది.

"నీకు తాడు సంగతి ఏం తెలుసు సత్తెయ్యా? తడిపితే లావవుతుంది! పల్లాలూ, నీళ్ళు!"

కమిటీ ఆఫీసు పక్కనే వచ్చినవాళ్ళకి కాళ్ళు కడుక్కోడానికి పెద్ద గంగాళం పెట్టారు. తీగ చుట్ట మొత్తం అందులో ముంచారు. ఇంకా ఏమైనా పీచు లోపల మిగిలిపోయిందేమోనని ఫ్యాక్సు పెట్టెని కూడా ముంచారు. అది రెండు బుడగలు వదిలి ఊరుకుంది. నలుగురూ గంగాళం చుట్టూ చతికిలబడి, అప్పుడప్పుడూ చెయ్యి పెట్టి లావు చూస్తూ కూచున్నారు.

సోమయాజులు చూసి చూసి, తల కొట్టుకుని, సత్తెయ్య మోకు కట్టించాడు. శంఖం ఊదారు. రథం కదిలింది. వాళ్ళ ముందునించే గడగడమని వెళ్ళింది, సత్తెయ్య మోకు పట్టుకుని వందలమంది లాగుతుండగా.

"ఏవండీ, రథం వెళ్ళిపోతోంది" అంది నూకరత్నం, లోగొంతుకతో.

చిట్టబ్బులు ఒక్క క్షణం తలెత్తి చూశాడు. తరవాత గంగాళంలోకి చెయ్యి పెట్టి, తీగని వేళ్ళతో కొలిచాడు.

"వెళ్ళనీ. తొందరపడ్డవాళ్ళకి అలాంటి తాడే దక్కుతుంది. ఒక చక్కరు తిరిగి రావాలిగా, ఆ పాటికి మనది నానుతుంది. బుల్లియ్యా, ఇంకో బిందె పొయ్యి."